బ్యాక్టీరియా ప్రోటీన్లతో క్యాన్సర్ వైద్యం: ఏది ఎవరికి, ఏది ఇంకా ఎవరికీ కాదు

నేను తిరుపతిలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను, డాక్టర్‌ను కాను. అయినా బ్యాక్టీరియా అన్న మాట వార్తల్లో కనిపిస్తే చాలు, పాత విద్యార్థుల నుంచి, వాళ్ల బంధువుల నుంచి ఫోన్లు వస్తాయి. "సార్, బ్యాక్టీరియా ప్రోటీన్ క్యాన్సర్ కణాలను చంపిందట కదా, మా అత్తయ్యకు పనికొస్తుందా?" అని పలమనేరు నుంచి ఒకరు అడుగుతారు. "బాబుకు రాసిన ఇంజెక్షన్ బ్యాక్టీరియా నుంచి తీసిందట, వేయించమంటారా?" అని శ్రీకాళహస్తి నుంచి మరొకరు. వినడానికి రెండూ ఒకే ప్రశ్నలా ఉంటాయి. మొదటి ప్రశ్నకు చాలాసార్లు "ఇంకా లేదమ్మా" అనే చెప్పాల్సి వస్తుంది. రెండోదానికి "తప్పకుండా వేయించండి, డాక్టర్ ఆపమంటే తప్ప ఒక్క డోసు కూడా వదలకండి" అంటాను. ఈ రెండు జవాబుల మధ్య ఏయే మందులున్నాయో, మన ప్రాంతం వాళ్లు ఆసుపత్రిలో ఏమేమి అడగాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. కీమో వార్డులో అందరూ 'ఎర్ర మందు' అని పిలిచే డాక్సోరూబిసిన్ స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చినదే. కానీ అది ప్రోటీన్ కాదు, చిన్న రసాయన పదార్థం. కీమో తర్వాత తెల్లకణాలు పెరగడానికి వేసే ఫిల్‌గ్రాస్టిమ్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. కానీ అది మనిషి శరీరంలో ఉండే ప్రోటీనే, బ్యాక్టీరియా దాన్ని తయారుచేసి ఇస్తుందంతే. ఈ వ్యాసంలో మాట్లాడుకునేది బ్యాక్టీరియా తన కోసం తయారుచేసుకున్న ప్రోటీన్‌ను మనం మందుగా వాడుకోవడం గురించి. పెరుగులోనూ బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి రోజూ పెరుగన్నం తింటే సరిపోతుందన్న సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. పెరుగులోని బ్యాక్టీరియాకూ ఈ మందులకూ ఏ సంబంధమూ లేదు. పైగా తెల్లకణాలు బాగా పడిపోయిన రోగికి బతికున్న బ్యాక్టీరియా నింపిన ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వడం ప్రమాదం.

నిలిచి గెలిచిన మందు: ఆస్పరాజినేజ్

బ్యాక్టీరియా ప్రోటీన్లలో క్యాన్సర్ మీద నిస్సందేహంగా పనిచేస్తున్నది ఇదే. పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. డాక్టర్లు ఏఎల్ఎల్ అంటారు. ఈ జబ్బు చికిత్సలో ఆస్పరాజినేజ్ లేని ప్రోటోకాల్ (ఏ మందు ఎప్పుడు ఇవ్వాలన్న చికిత్స ప్రణాళిక) దాదాపు ఉండదు.

ఇది ఒక ఎంజైమ్, అంటే రసాయన చర్యలను నడిపించే ప్రోటీన్. ఇది పనిచేసే తీరు చాలా తేలిక. మన కణాలకు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లను కట్టే ఇటుక లాంటిది) కావాలి. ఆరోగ్యంగా ఉన్న కణాలు దాన్ని సొంతంగా తయారుచేసుకోగలవు. లుకేమియా కణాల్లో ఎక్కువ భాగం ఆ పని చేయలేవు, రక్తంలో దొరికే దాని మీదే బతుకుతాయి. వంట రాక, పూర్తిగా మెస్ క్యారియర్ మీద ఆధారపడిన మనిషికి ఆ క్యారియర్ ఆపేస్తే ఎలా ఉంటుందో, ఈ ఎంజైమ్ రక్తంలోకి వెళ్లి ఆస్పరాజిన్‌ను విరగ్గొట్టినప్పుడు ఆ కణాల పరిస్థితి అలా ఉంటుంది.

దీని కథ 1953లో అమెరికాలో మొదలైంది. గినీ పందుల సీరం ఎక్కించిన ఎలుకల్లో లింఫోమా (లింఫ్ కణాలకు వచ్చే క్యాన్సర్) కణితులు తగ్గిపోవడం జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గమనించారు. ఆ పని చేసింది సీరంలోని ఆస్పరాజినేజ్ అని 1961లో జాన్ బ్రూమ్ చూపించారు. గినీ పందుల నుంచి రోగులందరికీ సరిపడా మందు తీయడం అయ్యే పని కాదు. 1964లో ఈ.కోలై నుంచి తీసిన ఆస్పరాజినేజ్ కూడా కణితులను అణచగలదని తేలింది. బ్యాక్టీరియాను ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు కాబట్టి మందు చేతికందింది. 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇతర మందులతో కలిపి దీన్ని వాడే చికిత్సల వల్ల సంపన్న దేశాల్లో ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు.

తల్లిదండ్రులు నిజంగా ఎంచుకోవాల్సిన చోటు ఇక్కడే ఉంది. ఈ మందులో మూడు రకాలున్నాయి.

మొదటిది మామూలు ఈ.కోలై ఆస్పరాజినేజ్. చిన్న గాజు సీసాలో తెల్లటి పొడిగా వస్తుంది, వేసే ముందు కలుపుతారు. శరీరంలో దాని బలం సుమారు 1.25 రోజుల్లో సగానికి పడిపోతుంది. అందుకే రోజు విడిచి రోజో, మూడు రోజులకోసారో, వరసగా చాలా ఇంజెక్షన్లు పడతాయి. సీసా ధర తక్కువ. కానీ ప్రతి ఇంజెక్షన్‌కూ ఆసుపత్రికి రావాలి. కుప్పం నుంచి తిరుపతికి బస్సులో వచ్చి వెళ్లడమంటే రోజంతా పోతుంది, కూలికి వెళ్లే తండ్రికి ఆ రోజు సంపాదన కూడా పోతుంది.

రెండోది పెగ్ ఆస్పరాజినేజ్. అదే ఈ.కోలై ఎంజైమ్‌కు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థాన్ని అతికిస్తారు. ఆ పూత వల్ల మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని అంత త్వరగా పసిగట్టదు, అది రక్తంలో ఎక్కువ కాలం నిలుస్తుంది. సగానికి తగ్గడానికి 5.5 నుంచి 6 రోజులు పడుతుంది. మామూలు రకం చాలా డోసుల్లో చేసే పనిని ఇది ఒక డోసులో చేస్తుంది. అలర్జీ కూడా తక్కువ. అమెరికాలో 1994లో అలర్జీ వచ్చిన వారికి మాత్రమే అనుమతించారు, 2006లో మొదటి మందుగానే వాడుకోవచ్చన్నారు. ఇప్పుడు మన దేశంలో తయారైన పెగ్ రకాలు కూడా దొరుకుతున్నాయి. సీసా ధర మామూలుదాని కంటే బాగా ఎక్కువ. అయితే లెక్క వేసేటప్పుడు సీసాతో సీసాను పోల్చకండి. మామూలు రకం మొత్తం డోసుల ఖర్చు, ప్రయాణాలు, పడక ఛార్జీలు, పోయిన కూలి ఒకవైపు వేసి, పెగ్ ఖర్చును మరోవైపు వేయండి. తేడా చాలామంది అనుకున్నంత ఉండదు.

మూడోది ఎర్వీనియా రకం. మొక్కలను కుళ్లబెట్టే ఎర్వీనియా అనే వేరే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. పని అదే అయినా ప్రోటీన్ నిర్మాణం వేరు, కాబట్టి ఈ.కోలై రకం పడని శరీరం చాలాసార్లు దీన్ని ఒప్పుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఇది సుమారు 16 గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది, వారానికి మూడుసార్లు వేయాలి. ధర ఎక్కువ, ప్రపంచమంతటా పలుమార్లు కొరత కూడా వచ్చింది. ఇది మొదటి ఎంపిక కాదు, మొదటి రెండూ పడనప్పుడు పట్టుకోవాల్సిన దారి. మామూలు ఈ.కోలై రకానికి అలర్జీ వస్తే పెగ్‌కు మారితే చాలనుకుంటారు. రెండిట్లోనూ లోపల ఉన్నది ఒకే ప్రోటీన్ కాబట్టి ఆ మార్పు చాలాసార్లు కలిసిరాదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అలర్జీ అంటే దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కళ్లకు కనిపిస్తాయి. కానీ కొందరు పిల్లల్లో ఇవేవీ లేకుండానే శరీరం యాంటీబాడీలను తయారుచేసి మందును లోలోపలే పనికిరాకుండా చేస్తుంది. ఇంజెక్షన్ పడుతూనే ఉంటుంది, పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు, మందు మాత్రం పనిచేయదు. దీన్ని పట్టుకునే మార్గం ఒకటే: డోసు వేసిన కొన్ని రోజులకు రక్తం తీసి అందులో ఎంజైమ్ చురుకుదనం ఎంతుందో కొలవడం. మిల్లీలీటరుకు కనీసం 0.1 యూనిట్ ఉంటే మందు పనిచేస్తున్నట్టు లెక్క. మన దేశంలో దొరికే జనరిక్ ఆస్పరాజినేజ్‌ల మధ్య బలంలో తేడాలున్నట్టు పరిశోధనల్లో బయటపడింది కాబట్టి ఈ పరీక్షకు మన దగ్గర విలువ ఇంకా ఎక్కువ. "ఎంజైమ్ లెవెల్ చూస్తారా డాక్టర్ గారూ?" అని మర్యాదగా అడగండి. ఇక్కడ చేయలేకపోతే నమూనాను బయటికి పంపే వీలుందేమో అడగండి. అలర్జీ రాకుండా ముందుగా వేసే మందులు దద్దుర్లను దాచగలవే తప్ప యాంటీబాడీలను ఆపలేవు. అందువల్ల అవి వేస్తున్న పిల్లలకు ఈ కొలత మరీ అవసరం.

నా అభిప్రాయం అడిగితే: డాక్టర్ సరేనని, ఖర్చు భరించగలిగితే పెగ్. కుదరకపోతే మంచి తయారీ ఉన్న మామూలు రకాన్ని లెవెల్ కొలుస్తూ వాడటం. లెవెల్ కొలవని పెగ్ కంటే కొలుస్తూ వాడే మామూలు రకమే నాకు ఎక్కువ భరోసా ఇస్తుంది. పెద్దవాళ్ల విషయంలో లెక్క కొంచెం మారుతుంది. వయసు, బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో పెగ్ వల్ల కాలేయం దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. మందు చాలా రోజులు లోపలే ఉంటుంది కాబట్టి వెంటనే వెనక్కి తీసుకోలేం. వాళ్లకు డాక్టర్ డోసు తగ్గించినా, మామూలు రకమే చాలన్నా అది పొదుపు కోసం చేసిన పని అనుకోకండి.

ఏ రకమైనా జాగ్రత్తలు ఒకటే. ఇంజెక్షన్ తర్వాత కనీసం గంటసేపు ఆసుపత్రిలోనే ఉండాలి, బస్సు టైమైందని లేవకూడదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, దాంతోపాటు వాంతులు వస్తే క్లోమం వాచి ఉండవచ్చు. మన ఇళ్లలో దాన్ని గ్యాస్ నొప్పి అనుకుని మందుల షాపులో మాత్ర తెచ్చి వేస్తారు, దయచేసి అలా చేయకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తగ్గని తలనొప్పి, ఫిట్స్, ఒక వైపు చేయి కాలు బలహీనపడటం, ఒక కాలు మాత్రమే వాయడం రక్తం గడ్డకట్టిన సూచనలు కావచ్చు. స్టెరాయిడ్‌తో కలిసి ఇది షుగర్ పెంచుతుంది, అతిదాహం కనిపిస్తే చెప్పాలి. పప్పులో ఆస్పరాజిన్ ఉంటుందని పిల్లలకు పప్పు మానిపించే వాళ్లున్నారు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ పని చేయకండి. తిండి తగ్గితే పిల్లాడు చికిత్సను తట్టుకోలేడు.

విషంతో చేసిన మందులు

డిఫ్తీరియా బ్యాక్టీరియా విషం కణంలోకి చేరితే ఆ కణం కొత్త ప్రోటీన్లు తయారుచేయలేక చనిపోతుంది. ఆ విషంలో కణానికి అతుక్కునే భాగాన్ని తీసేసి, ఆ స్థానంలో క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ప్రోటీన్‌ను అతికించిన మందులున్నాయి. చర్మానికి వచ్చే ఒక రకం టీ-కణ లింఫోమాకు డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ 1999లో అమెరికాలో వచ్చింది, 2014లో మార్కెట్ నుంచి తప్పుకుంది, మెరుగుపరచిన రూపంలో 2024లో తిరిగి అనుమతి పొందింది. ట్యాగ్రాక్సోఫస్ప్ అనే మందుకు 2018లో బీపీడీసీఎన్ అనే చాలా అరుదైన రక్త క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా విషంతో చేసిన మోక్సెటుమోమాబ్‌కు అదే ఏడాది హెయిరీ సెల్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్ కోసం అనుమతి ఇచ్చారు, తర్వాత తయారీదారే దాన్ని ఉపసంహరించారు.

వీటి పెద్ద ప్రమాదం రక్తనాళాల్లోంచి నీరు కణజాలంలోకి కారిపోవడం. బరువు ఉన్నట్టుండి పెరుగుతుంది, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, బీపీ తగ్గుతుంది. మీ ఇంట్లో వచ్చింది రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్ అయితే ఈ మందుల గురించి ఆలోచించే పనే లేదు. ఆ అరుదైన జబ్బుల్లో ఒకటని బయాప్సీలో తేలితేనే పెద్ద కేంద్రంలో అడగాలి.

వార్తల్లో ఎక్కువగా కనిపించేవి

పలమనేరు నుంచి వచ్చిన ప్రశ్న సాధారణంగా అజ్యూరిన్ గురించే అయి ఉంటుంది. ఇది సూడోమోనాస్ ఎరుగినోసా తయారుచేసే, రాగి పరమాణువు ఉన్న ప్రోటీన్. నూనె తినే బ్యాక్టీరియాతో 1980లో అమెరికా సుప్రీంకోర్టులో చరిత్రాత్మకమైన పేటెంట్ తీర్పు గెలిచిన ఆనంద మోహన్ చక్రవర్తి, ఆయన సహచరులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అజ్యూరిన్ మామూలు కణాల కంటే క్యాన్సర్ కణాల్లోకి ఎక్కువగా చొరబడుతుందని, పీ53 అనే కాపలా ప్రోటీన్‌ను నిలబెడుతుందని వాళ్లు చూపించారు. అందులోంచి 28 అమైనో ఆమ్లాల ముక్కను వేరుచేసి పీ28 అని పేరుపెట్టారు. 2013లో వెలువడిన తొలి దశ పరీక్షలో, ఇతర చికిత్సలు పనిచేయని 15 మంది రోగులకు దాన్ని ఇచ్చారు. పెద్ద దుష్ఫలితాలు కనిపించలేదు, కొంత ప్రభావం సూచనగా కనిపించింది. తొలి దశ పరీక్ష ఉద్దేశం ఎంత డోసు ఇస్తే హాని ఉండదో తేల్చడమే. జబ్బు తగ్గుతుందని నిరూపించే మూడో దశ పరీక్ష దీనికి జరగలేదు. మన బెంగాల్ బిడ్డ చేసిన పని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా ఈ రోజు దీన్ని నమ్ముకుని కీమో, రేడియేషన్ ఆపేయమని ఎవరికీ చెప్పలేను.

మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఆర్జినిన్ డీఇమినేజ్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఆస్పరాజినేజ్ తరహాలోనే ఇది రక్తంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమాలో కీమోతో కలిపి ఇచ్చినప్పుడు రోగులు బతికిన కాలం మధ్యస్థంగా 7.7 నెలల నుంచి 9.3 నెలలకు పెరిగినట్టు 2024లో ఫలితాలు ప్రచురించారు. అది నిజమైన లాభమే, చిన్న లాభం. కాలేయ క్యాన్సర్‌లో మాత్రం అది నిలబడలేదు.

క్షయ టీకా బీసీజీని కూడా ఈ జాబితాలోనే చూస్తారు కాబట్టి చెప్పాలి. అది ప్రోటీన్ కాదు, బలహీనపరిచిన సజీవ బ్యాక్టీరియా. మూత్రాశయ క్యాన్సర్ కండరంలోకి దిగకుండా పైపొరలోనే ఉన్నప్పుడు, కణితి తీసేశాక, ట్యూబు ద్వారా మూత్రాశయంలోకి వారానికోసారి చొప్పున ఆరు వారాలు ఎక్కిస్తారు. 1976 నుంచి అనుభవం ఉన్న చికిత్స ఇది. తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న వాళ్లకు డాక్టర్ దీన్ని చెబితే వెనకాడవద్దు. క్షయ టీకాగా బీసీజీ 1940ల చివర్లో దేశంలో అడుగుపెట్టిన తొలి చోట్లలో మన మదనపల్లె ఆరోగ్యవరం ఒకటి. ఆ టీకా ఇప్పుడు క్యాన్సర్ వార్డులోనూ పనిచేస్తోందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఏమడగాలి

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి, 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏది గొప్పదన్న వాదన కంటే ఏఎల్ఎల్ పిల్లల కుటుంబానికి ముఖ్యమైనది రెండేళ్లకు పైగా సాగే చికిత్సను మధ్యలో తెగకుండా ఎక్కడ పూర్తిచేయగలరన్నది. మొదటి అభిప్రాయం వేలూరులో తీసుకుని, అదే ప్రోటోకాల్‌ను తిరుపతిలో కొనసాగించవచ్చేమో ఇరువైపులా డాక్టర్లను అడిగి చూడండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని కౌంటర్‌లో ఏ రకం ఆస్పరాజినేజ్ ప్యాకేజీలో వస్తుందో, పెగ్ కావాలంటే తేడా సొమ్ము మాత్రమే కట్టాలా మొత్తమా అన్నది ముందే తేల్చుకోవాలి. తమిళనాడు ఆసుపత్రుల్లో కార్డు చెల్లుతుందో లేదో బయల్దేరకముందే కనుక్కోండి.

ఎవరైనా ప్రయోగ దశలో ఉన్న ప్రోటీన్ మందు ఇస్తామంటే మొదట అడగాల్సింది సీటీఆర్ఐ నంబరు. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు అది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకునే సమయం ఇవ్వాలి. నంబరు చెప్పకుండా లక్షలు అడిగే చోటు నుంచి వెంటనే లేచి వచ్చేయండి.

మందు మీరే బయట కొని తేవాల్సి వస్తే జాగ్రత్త ఇంకొంచెం అవసరం. ఇవి ప్రోటీన్లు, వేడికి పాడవుతాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు కూడా. మే నెలలో తిరుపతి ఎండలో ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆటోలో తెస్తే డబ్బు ఖర్చుపెట్టి పనికిరాని మందు కొన్నట్టే. థర్మాకోల్ పెట్టెలో జెల్ ప్యాక్‌లు పెట్టించుకోండి. సీసా నేరుగా ఐసుకు తగలకుండా మధ్యలో గుడ్డో కాగితమో చుట్టండి. పెగ్ సీసాను కుదపకండి. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారో, అరలోంచి తీసి ఇస్తున్నారో మీ కళ్లతో చూడండి. అరలోంచి తీస్తే తీసుకోకండి. బిల్లు తప్పకుండా అడగండి. నర్సు మందు కలిపే ముందు సీసా మీద ఉన్న పేరు, రకం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించేలా ఫోనుతో ఒక ఫొటో తీసుకుని, ఇంజెక్షన్ వేసిన తేదీతో కలిపి ఫైల్లో రాసి పెట్టండి. రేపు అలర్జీ వచ్చినా, ఆసుపత్రి మారినా, లెవెల్ తక్కువ వచ్చినా కొత్త డాక్టర్ మొదట అడిగే ప్రశ్న "ఏ రకం, ఎప్పుడు, ఎన్ని డోసులు?" అన్నదే.